తోటల మధ్య అడిగి తెచ్చిన దారి

మా హైస్కూల్లో చాలా ఏళ్ళు పీఈటీగా పనిచేసి రిటైరైన మేడం గారు పోయిన మంగళవారం ఉదయం చనిపోయారు. రెండో పీరియడ్ మధ్యలో అటెండర్ వచ్చి చెప్పాడు. టీ కలుపుకుని కుర్చీలో కూర్చున్నారట, అలాగే తల వాల్చేశారట. అరవై ఏడేళ్ళు. పాఠం ఎక్కడ ఆపానో పిల్లలే గుర్తు చేశారు. ఆ పీరియడ్ పూర్తి చేసి, హెడ్మాస్టరు గారికి చెప్పి, ఆటో ఎక్కి వాళ్ళింటికి వెళ్ళాను.

అక్కడ నేనేమీ మాట్లాడలేకపోయాను. చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను.

నేను తెలుగు టీచర్ని. ఏడేళ్ళ క్రితం డాక్టరు నాకు షుగర్ మొదలవుతోందని, రోజూ నడవమని చెప్పారు. రోడ్డు మీదకు వెళ్ళడానికి మొహమాటపడి మా డాబా మీదే అటూ ఇటూ తిరిగేదాన్ని. ఒకరోజు మేడం గారు వీధిలోంచి చూసి స్కూటీ ఆపారు. “డాబా మీద తిరిగితే డాబా అరుగుతుంది గానీ మీరు అరగరండీ. రేపు ఐదున్నరకి స్కూలు గేటు దగ్గరకి రండి” అన్నారు.

వెళ్ళాను. ఎనిమిది మంది ఆడవాళ్ళున్నారు. సగం మంది కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగు పరీక్ష కోసం తయారవుతున్న అమ్మాయిలు. మిగిలినవాళ్ళు నాలాగే డాక్టరు చెబితే వచ్చినవాళ్ళు. మేడం గారు చున్నీ అడ్డంగా బిగించి కట్టుకుని అందరికంటే వెనక పరుగెత్తేవారు. ముందుండి నడిపించే మనుషుల్ని చాలామందిని చూశాను కానీ, వెనకుండి నడిపించిన మనిషిని ఆవిణ్ణే చూశాను. ఎవరైనా రొప్పుతుంటే పక్కకి చేరి, ఇంట్లో ఏం కూర వండారని అడిగేవారు. జవాబు చెప్పలేకపోతే వేగం తగ్గించమనేవారు. “మాట్లాడగలిగినంత వేగమే మన వేగం” అనేవారు.

మెయిన్ రోడ్డు మీద పరుగెత్తడం కష్టం. సీజన్లో తెల్లవారకముందే మామిడికాయల ట్రాక్టర్లు, లారీలు వరసకడతాయి. టీ కొట్ల దగ్గర మగవాళ్ళు తలలు తిప్పి మరీ చూస్తారు. అందుకని ఆవిడ లోపలి దారులు వెతికారు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిలుతో వాటిని గీసి పెట్టుకున్నారు. రోజూ వెళ్ళేది తోటల్లోంచి కొండ కిందికి పోయే దారి. ఓపికున్న రోజు కొండపైకి. ఆదివారాలు బస్సులో కొంత దూరం పోయి దిగి, అడవి అంచున ఎర్రమట్టి బాట. అక్కడ నెమళ్ళు మాకంటే ముందే పరుగెత్తేవి. వాటిని చూసి అమ్మాయిలు వేగం పెంచితే, “మనకి వాటితో పోటీ లేదు” అనేవారు.

కొండకు పోయే దారిలో ఐదు మామిడి తోటలు అడ్డం వస్తాయి. ఐదుగురు రైతుల ఇళ్ళకీ ఆవిడే వెళ్ళి అడిగారు. నలుగురు వెంటనే సరేనన్నారు. మధ్యలో ఉన్న పెద్ద తోటాయన మాత్రం మూడుసార్లు కుదరదని పంపేశారు. నాలుగోసారి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. కోయడం మాట అటుంచి, కింద రాలిన కాయ కూడా ఎవరూ ముట్టుకోకూడదు. మేడం గారు ఆ మాట మాకు చెప్పి, “ఈ దారి మనది కాదు, వాళ్ళిచ్చింది. మనం వచ్చి వెళ్ళినట్టు కూడా వాళ్ళకి తెలియకూడదు” అన్నారు.

నేను చేరిన రెండో ఏడు మే నెలలో నేను ఆ తోటలోనే కాయ తీశాను. చిన్నరసం, బాగా పండినది, బాట పక్కనే పడి ఉంది. అందరూ ముందుకు వెళ్ళిపోయారు. వాసన తగిలింది, వంగాను. అంతకుమించి నా దగ్గర సంజాయిషీ లేదు.

కాపలా మనిషి దూరం నుంచి చూశాడు. ఎవరో పోల్చుకోలేదు గానీ వంగి తీయడం చూశాడు. మర్నాడు తోట గేటుకు గొలుసు పడింది. మేడం గారు తోటాయన్ని కలిసి వచ్చి మాతో చెప్పారు, “ఎవరు తీశారని నేనడగను. నా మనుషుల్లో ఒకరు తీశారంటే నేను తీసినట్టేనని ఆయనకి చెప్పి వచ్చాను.” నేను బూటు లేసు కట్టుకుంటూ తల వంచుకునే ఉన్నాను. క్లాసులో నిజం చెప్పడం గురించి ఎన్ని పాఠాలు చెప్పానో, అన్నీ ఆ క్షణంలో గుర్తొచ్చాయి.

మూడు వారాలు రోడ్డు మీదే పరుగెత్తాం. ఒక ఉదయం ట్రాక్టరు ట్రాలీ అంచు తగిలి ఒకమ్మాయి పడిపోయింది. నా దగ్గరే పదో తరగతి చదివిన పిల్ల. మోచెయ్యి చీరుకుపోయింది, మోకాలు వాచింది. పరుగు పరీక్షకు ఇంకా నెలన్నర కూడా లేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మేడం గారి పక్కన కూర్చుని, ఆ కాయ నేనే తీశానని చెప్పేశాను.

ఆవిడకు తెలిసే ఉంటుందనుకున్నాను. తెలియదు. “మీరా?” అన్నారు. కట్టు కట్టే గది వైపు చూశారు. తర్వాత, “నాకు కాదమ్మా, ఆయనకి చెప్పండి” అన్నారు.

ఆ సాయంత్రమే నన్ను స్కూటీ మీద తోట దగ్గర దింపి, తను గేటు బయటే ఆగిపోయారు. పెద్దాయన పాకలో గడ్డి పరిచి కాయలు పేరుస్తున్నారు. నేను నిలబడే చెప్పాను.

“ఏం చెప్తారండీ మీరు స్కూల్లో?” అన్నారు.

“తెలుగండీ.”

“కాయ బాగుందా?”

“సగమే తిన్నానండీ. భయమేసి మిగతాది పారేశాను.”

ఆయన చేతిలో పని ఆపి నా వైపు చూశారు. “తీసినందుకు కాదు గానీ, పారేసినందుకు కోపంగా ఉందండీ” అన్నారు. మర్నాడు గేటుకు గొలుసు లేదు. మేడం గారు దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడలేదు. ఆ ఉదయం మాత్రం ఆ తోటలోంచి అందరికంటే ముందు నన్ను పరుగెత్తమన్నారు. నా వెనక ఎనిమిది జతల అడుగుల చప్పుడు వింటూ, ఎటూ చూడకుండా, దారి మీదే కళ్ళు పెట్టి ఆ తోట దాటాను.

దెబ్బ తగిలిన అమ్మాయి పది రోజులు పడుకుని, తర్వాత నడిచి, ఆ తర్వాత పరుగెత్తింది. పరీక్షలో నెగ్గింది. మంగళవారం యూనిఫాంలోనే వచ్చి, మేడం గారి కాళ్ళ దగ్గర నిలబడి ఏడ్చింది. పెద్ద తోటాయన కూడా వచ్చారు. వీధిలో కుర్చీ వేస్తే కూర్చోలేదు. “మూడుసార్లు వద్దని పంపాను. నాలుగోసారి కూడా మొదటిసారి వచ్చినట్టే నవ్వుతూ వచ్చిందావిడ” అని మా హెడ్మాస్టరు గారితో అంటుంటే విన్నాను.

చివరి మూడేళ్ళు ఆవిడ మోకాళ్ళు పాడయ్యాయి. పరుగు మానేసి, స్కూటీ మీద కొండ కిందికి వచ్చి, నానబెట్టిన శనగలు డబ్బాలో పెట్టుకుని మా కోసం కూర్చునేవారు. తనకు పరుగు పోయిందని బాధపడగా నేను చూడలేదు. అడిగితే మాత్రం, బాధ లేదని కూడా అనలేదు.

పోయిన చలికాలంలో అందరం కలిసి ఆవిణ్ణి బందరు తీసుకెళ్ళాం. సముద్రం పక్కన పరుగెత్తాలని ఎప్పటినుంచో అమ్మాయిల కోరిక. ఆవిడ గట్టున కూర్చుంటానన్నారు. కాసేపటికి చెప్పులు విప్పి నీళ్ళ అంచుకి వచ్చారు. తడి ఇసుక మీద నాలుగడుగులు వేసి, “ఇక్కడ మోకాలు ఒప్పుకుంటోందమ్మా” అన్నారు. ఇంకో నాలుగడుగులు నడిచారు. తర్వాత మెల్లగా పరుగందుకున్నారు. మేమెవరం వెంట వెళ్ళలేదు.

కొంచెం దూరంలో జాలర్లు ఒడ్డుకి వల లాగుతున్నారు. తాడు నీళ్ళలోంచి ఇసుక మీదకి ఆవిడకు అడ్డంగా సాగి ఉంది. ఆవిడ రావడం చూసి, ఎవరూ ఏమీ అనకుండానే, ఇద్దరు తాడును భుజాల దాకా ఎత్తి పట్టుకున్నారు. మేడం గారు తల వంచి దాని కిందుగా దాటి, ఆగకుండా అలాగే ముందుకు పరుగెత్తారు.