నేను ముట్టుకున్న గ్లౌజు

నా చిన్నప్పుడు నాకు రెండంటే రెండే భయాలు. ఒకటి మా అమ్మమ్మ మడి, రెండోది పురుడు. ముమ్మిడివరం దగ్గర మా ఊళ్లో అంతకుముందేడే మా పిన్ని మగపిల్లవాణ్ణి కని, వారం తిరక్కుండానే పురిటి జ్వరంతో పోయింది. అందుకని మా అమ్మకి నొప్పులు మొదలవగానే అమ్మమ్మ మంత్రసానిని గడప తొక్కనివ్వలేదు. పడవ మాట్లాడి అమలాపురంలో ఒక చిన్న పురుళ్ల ఆసుపత్రికి తీసుకుపోయింది. ఇంట్లో చూసేవాళ్లు లేక నన్నూ వెంటబెట్టుకుంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. దారి పొడుగునా అమ్మ మూలుగుతుంటే, పిన్నిలాగే అమ్మా పోతుందేమోనని పడవ అంచు పట్టుకుని కూర్చున్నాను.

అమ్మని లోపలికి తీసుకెళ్లి, నన్ను పక్క గదిలో కూర్చోమన్నారు. అక్కడ బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన పళ్లెం ఉంది. ఊరికే కూర్చునే పిల్లనైతే ఇప్పుడీ గొడవంతా చెప్పే పనే లేదు. గుడ్డ ఎత్తి చూస్తే రబ్బరు గ్లౌజులు, మరుగునీళ్లలోంచి తీసిన వెచ్చదనం ఇంకా పోలేదు. అలాంటివి నేనెన్నడూ చూసి ఎరగను. ఒకదాంట్లో వేలు దూర్చాను. దూర్చిన వేలు చటుక్కున లాక్కున్నాను. గుడ్డ కప్పి మరీ పెట్టారంటే ఇవి మడివే అయివుంటాయి. మడిబట్ట ముట్టుకుంటే ఏమవుతుందో నా వీపుకి బాగా తెలుసు. మైలపడ్డ సామాను మీద అమ్మమ్మ నీళ్లు చిలకరించడం రోజూ చూసేదాన్నే కదా! మేం తెచ్చుకున్న చెంబులోంచి కాసిని నీళ్లు తీసి గ్లౌజుల మీద చిలకరించి, గుడ్డ కప్పేసి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను.

అంతలో నర్సమ్మగారు వచ్చి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. సబ్బుతో, బ్రష్షుతో, గోళ్ల సందులూ, మోచేతుల దాకానూ. ఎంతకీ అవదు. లోపల అమ్మ అరుస్తోంది. అమ్మమ్మ గుమ్మంలోకి వచ్చి, "పిల్ల ప్రాణం పోతోంది తల్లీ, ఇంకా చేతులేనా?" అంది.

"ఆయ్, వస్తున్నానండి. మీ చిన్నమ్మాయిగారి సంగతి ఇందాక మీరే చెప్పేరు కదండీ. చేతులు కడగకుండా పురుడు పోస్తేనే వస్తాదండి ఆ జ్వరం," అన్నారావిడ, కడగడం ఆపకుండానే.

పొద్దుటినుంచీ పడవ అంచులూ, బురద కాళ్లూ తడుముతూ వచ్చిన వేలు నాది. చెబితే అమ్మమ్మ చంపేస్తుంది. చెప్పకపోతే అమ్మ చచ్చిపోతుంది. ఆవిడ తడిచేతులు పైకెత్తుకుని బల్ల దగ్గరికి వచ్చారు. ఆయా గుడ్డ తీసింది. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది.

"అవి నేను ముట్టుకున్నానండి. నీళ్లు కూడా చల్లేనండి."

అమ్మమ్మ చెయ్యెత్తింది. "కొట్టకండి పెద్దమ్మగారూ, చెప్పింది కదండీ," అని నర్సమ్మగారు ఆపి, రెండో జత మరగబెట్టమని ఆయాకి పురమాయించారు. తను మళ్లీ మొదటినుంచీ చేతులు కడుక్కున్నారు. స్టవ్వు మీద ఆ నీళ్లు మరిగినంతసేపూ అమ్మ అరుపులు వింటూ, నావల్లే ఆలస్యం, నావల్లే అమ్మ పోతుంది అనుకుంటూ గోడకి అతుక్కుపోయాను. నా ఎనభై ఏళ్ల బతుకులో అంత పొడుగాటి పొద్దు మళ్లీ చూడలేదు.

తమ్ముడు పుట్టాడు. అయినా నా భయం తీరలేదు. జ్వరం వచ్చేది ఆ తరవాతే కదా. పది రోజులూ పొద్దున్నే అమ్మ నుదురు ముట్టుకుని చూడాలని ఉండేది, ముట్టుకోవడానికీ భయమే. జ్వరం రాలేదు.

ఇంటికి బయల్దేరేనాడు నర్సమ్మగారు నాకు చేతులు ఎలా కడుక్కోవాలో నేర్పారు. నా వేళ్లు తుడుస్తూ, నా మొహంలోకి చూడకుండా, మెల్లిగా అన్నారు: "నేను పని నేర్చుకునే రోజుల్లో నా గ్లౌజు మంచం కోడుకి తగిలింది పాపా. తిడతారని ఎవరికీ చెప్పలేదు. ఆ బాలింత బతకలేదు."

నేనేదో సత్యసంధురాలినని కాదు. ఊరగాయ జాడీ పగలగొట్టడం నుంచి మొదలుపెట్టి సవాలక్ష తప్పులు దాచాను. కానీ నా తప్పు ఇంకొకరి ప్రాణం మీదకి వస్తుందంటే మాత్రం నోరు మూసుకోలేను. ధైర్యం వచ్చి కాదు, ఇప్పటికీ చెప్పేటప్పుడు భయమే. చెప్పకుండా ఉండిపోయిన నర్సమ్మగారి గొంతు విన్నాను, అంతకంటే పెద్ద భయం నాకింకొకటి లేదు.