పార్టిషన్ మీది మూరెడు వెలుగు

మొత్తం పోయినవి ఇవి. ఆరు వందల ముప్పై గంటల నిద్ర. నాలుగు కిలోల బరువు. ఆసుపత్రి బస్సులో కునుకు తీసి మరిచిపోయిన టిఫిన్ డబ్బాలు రెండు, గొడుగు ఒకటి. దిగవలసిన చోట దిగకుండా ముందుకు వెళ్ళిపోయిన సార్లు ఏడు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ మా ఆవిడ పాడుకునే ప్రార్థన పాటలు ఎన్ని పోయాయో చెప్పలేను. ఉన్నప్పుడు వాటిని లెక్కపెట్టలేదు. ఇవన్నీ పద్నాలుగు నెలల్లో పోయాయి. అంతకాలమూ నా కాగితం మీద మాత్రం ఒక్క గంట కూడా తక్కువ పడలేదు.

ముందు ఆ కాగితం సంగతి చెప్పాలి.

2020లో మేమిద్దరం షార్జాలో, రోలా దగ్గర ఒక ఫ్లాటులో ఉండేవాళ్ళం. రెండు పడకగదులు, ఒక హాలు, పదకొండు మంది మనుషులు. హాలులో జిప్సం బోర్డులు నిలబెట్టి రెండు చిన్న గదులు చేశారు, వాటినే పార్టిషన్లంటారు. ఒకటి మాది. రెండోది నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక జంటది, వాళ్ళకి ఇద్దరు పిల్లలు. మిగిలిన హాలు ముక్కలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఫ్రిజ్. ఈ బోర్డులు పైకప్పుని తాకవు. మూరెడు ఖాళీ వదిలిపెడతారు. హాలుకి ఉన్నది ఒకటే ఏసీ కాబట్టి చల్లగాలి ఆ ఖాళీలోంచే లోపలికి రావాలి. మా గదికి కిటికీ లేదు.

పదకొండు మందికి ఒక వంటగది, రెండు బాత్‌రూమ్‌లు. రోజూ తగువే. చివరికి ఆ పంపకం నాకు అప్పజెప్పారు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. మోటారు సామాన్ల గోడౌన్‌లో మూటలు మోస్తూ, పెట్టెల మీది అంకెలు కూడుతూ లెక్కలు నేర్చుకున్నాను. ఇప్పుడు స్టాకు రాసేది నేనే. మా ముదీర్, అంటే మేనేజరు, కూడా మళ్ళీ కూడి చూడడు. అందుకని రోజుని పావుగంట ముక్కలుగా కోసి, ఎవరు ఎప్పుడు వండాలి, ఎవరు ఎప్పుడు స్నానం చెయ్యాలి అన్నీ గళ్ళు గీసి ఫ్రిజ్ మీద అంటించాను. అందరూ దాన్ని పట్టీ అనేవారు. తగువులు ఆగిపోయాయి. నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మా ఆవిడ నర్సు. ఆ ఏడాది మే నెల నుంచి ఆమెకి నెలకి పదిహేను నైట్ డ్యూటీలు వేశారు. సాయంత్రం ఏడింటి నుంచి పొద్దున్న ఏడింటి వరకు. ఇంటికి వచ్చేసరికి ఎనిమిదిన్నర. పట్టీలో ఆమె గడి నేనే రాశాను. తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర వరకు నిద్ర, ఏడు గంటలు. ఆ వేళలో వంటగదిలో మిక్సీ వెయ్యకూడదు, హాలులో గట్టిగా మాట్లాడకూడదు. అందరూ పాటించారు. పక్క పార్టిషన్ పిల్లలు ఆన్‌లైన్ క్లాసులు కూడా ఇయర్‌ఫోన్లు చెవులకి తగిలించుకునే వినేవారు. చప్పుడు గురించి అన్నీ ఆలోచించాను. వెలుతురు గురించి రాసింది ఒకటే: హాలు ట్యూబ్‌లైట్లు ఉమ్మడి, పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు వరకు.

మా గదిలో బల్బు కూడా నేను ఎంచుకున్నదే. తెలుపా పసుపా అని కొట్టువాడు అడిగితే పెట్టెల మీద అంకెలు చూశాను. అంతే కరెంటుకి తెల్లది ఎక్కువ వెలుగిస్తుంది. కిటికీ లేని గది, కనీసం పగలులా ఉంటుందనుకుని తెల్లదే, ఉన్నవాటిలో పెద్దది, కొన్నాను. రాత్రంతా వార్డులో నిలబడి వచ్చిన మనిషి ఆ బల్బు కింద అన్నం తిని, ఆ బల్బు కింద తల ఆరబెట్టుకుని, అప్పుడు దాన్ని ఆర్పి పడుకునేది.

మనిషి మారుతోందని నాకు తెలుస్తూనే ఉంది. మాట తగ్గింది. చిన్నదానికి కసిరేది, వెంటనే ఏడ్చేది. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. కరోనా వార్డు కదా, ఎన్ని చూసి వస్తోందో అనుకున్నాను. ఆ ఏడాది ఎవరి దిగులుకైనా చెప్పుకోవడానికి ఒక కారణం సిద్ధంగా ఉండేది. అది దొరికాక నేను ఇంకోటి వెతకలేదు.

2021 జూన్‌లో ఒకరోజు పన్ను పీకించుకుని, సెలవు తీసుకుని, మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికి వచ్చాను. చప్పుడు చెయ్యకుండా తలుపు తీస్తే మా ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది. కళ్ళకి నల్ల చున్నీ రెండు మడతలు పెట్టి కట్టుకుంది.

"ఎవరూ?" అంటూ చున్నీ పైకి జరిపింది. "మీరా! బుగ్గకేమైందండి?"

"పన్ను పీకారు. నువ్వేంటి, పడుకోలేదా?"

"పడుకునే ఉన్నాను ఇంతసేపూ. ఇది కట్టుకున్నా జారిపోతోంది. నిద్రే రావట్లేదు."

"ఇవాళేనా?"

"ఎప్పుడూను."

"మరి నాతో చెప్పవేం?"

"ఏం చెప్పమంటారు? తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర దాకా నేను నిద్రపోతున్నానని ఫ్రిజ్ మీద రాసుందిగా. అంత చక్కగా గళ్ళు గీశారు, కాదంటే ఏం బాగుంటుంది?"

నోట్లో దూది సర్దుకుని మంచం అంచున కూర్చున్నాను. తనే చెప్పింది. "పోయిన వారం ఒక బెడ్ మందు ఇంకో బెడ్ దగ్గరికి తీసుకెళ్ళానండి. పక్కనున్న సిస్టర్ చూసి చెయ్యి పట్టుకుంది. ఇంకోసారైతే వార్డులో ఉంచనని ఇన్‌ఛార్జి చెప్పేసింది. నా భయం ఉద్యోగం గురించి కాదు. ఇంకోసారి పక్కన ఎవరూ లేకపోతే?"

ఆమెని జరగమని ఆ దిండు మీద నేను పడుకుని పైకి చూశాను. పార్టిషన్ మీది ఖాళీలోంచి హాలు ట్యూబ్‌లైటు వెలుగు వచ్చి, పైకప్పు మీద తెల్లగా పరుచుకుని, అక్కడి నుంచి సరిగ్గా దిండు మీదికి దిగుతోంది. కళ్ళు మూస్తే రెప్పల వెనక ఎర్రగా ఉంది. పని రోజుల్లో సాయంత్రమే ఇంటికి వచ్చేవాణ్ణి, సెలవు రోజు ఆమె నిద్ర చెడకూడదని పగలంతా బయటే గడిపేవాణ్ణి. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా పగటిపూట ఆ చోట తల పెట్టి చూడలేదు. గోడౌన్‌లో పెట్టె తెరవకుండా లోపల ఇన్ని ఉన్నాయని ఎప్పుడూ రాయను. ఇంట్లో మంచం మీద గడిపిన గంటలన్నిటినీ నిద్ర అని రాసేశాను.

ఎంత పోయిందో తెలియనిదే నాకు పని మొదలవదు. "మెలకువ వచ్చినప్పుడల్లా కాగితం మీద గీత పెట్టు" అన్నాను.

"పెడతాను. లైటు కూడా వేసుకోనక్కర్లేదు, మీ హాలు లైటు చాలు" అంది.

పెన్ను పట్టుకుంటే ఉన్న మత్తు కూడా పోతుందని, తలగడ పక్కన గుప్పెడు సెనగలు, అడుగున గుడ్డ వేసిన స్టీలు గ్లాసు పెట్టాను. మెలకువలో అరగంట గడిస్తే ఒక గింజ గ్లాసులో వెయ్యాలి. నాలుగు డ్యూటీలకి ఆరు, ఏడు, అయిదు, ఆరు పడ్డాయి. సగటున ఆరు గింజలు, అంటే మూడు గంటలు. నెలకి పదిహేను చొప్పున పద్నాలుగు నెలలకి రెండు వందల పది పగళ్ళు. మూడుతో హెచ్చవేస్తే ఆరు వందల ముప్పై గంటలు. నాలుగు రోజుల కొలత మొత్తానికి చాలదని నాకు తెలుసు. కానీ ఆమె దాన్ని చూసి, "తక్కువే వేశారు" అంది.

మరునాడే గోడౌన్ నుంచి ఖాళీ అట్టపెట్టెలు తెచ్చి ఆ మూరెడూ మూసేశాను. గది చీకటైంది. రెండు గంటలకల్లా మా ఆవిడ చెమటలో తడిసి లేచింది. జూన్ నెల, గాలి లేదు. అట్టలు తీసేశాను. ఇక మిగిలింది హాలు లైటు. పక్క పార్టిషన్ ఆవిడని అడిగాను, పొద్దున్న పది నుంచి నాలుగు వరకు ఆర్పుదామా అని.

"బంద్ జేస్తే పోరగాండ్లకు క్లాసెట్ల అన్నా? కెమెరాల మొకం కనవడకుంటే టీచర్ ఊకుంటదా?" అంది. ఆ వెంటనే నవ్వింది. "ఆరింటి సంది పదకొండింటి దాకని రాసినోనివి నువ్వే. నీ పట్టీని నువ్వే కొట్టేస్తవా?"

"రాసినప్పుడు తెలియలేదమ్మా. ఆవిడకి నిద్ర ఉండటం లేదు."

"నాకెరుకే. రోజు సూస్తున్న. వదినె కండ్లు ఎర్రగ జేస్కోని పన్నెండింటికి నీళ్ళకొస్తది, రెండింటికొస్తది. నీ పట్టీల నిద్ర అని ఉన్నది గదా, మనమెందుకు మాట్లాడాల్నని నేను గూడ సప్పుడు జెయ్యలే."

ఆ మాట నాకు పన్ను నొప్పి కంటే ఎక్కువ తగిలింది. ఇంటిల్లిపాదీ ఆమె ముఖం చూసి కూడా నా కాగితాన్ని నమ్మారు.

తరవాత రెండు రోజులు గోడౌన్‌లో నా కళ్ళు గోడ పైనున్న గాలి వెంటిలేటర్ మీదే ఉన్నాయి. వాలుగా, ఒకదాని వెనక ఒకటి అమర్చిన రేకు రెక్కలు. వాటిలోంచి గాలి వస్తుంది, ఎండ రాదు. వెలుగు తిన్నగా పోతుంది, దారి మలుపు తిరిగితే ఆగిపోతుంది. గాలికి ఆ పట్టింపు లేదు. ఇంటికి వచ్చి ఒక అట్టల వరస పైకప్పు నుంచి వేలాడదీశాను. జానెడు ఎడంగా ఇంకో వరస పార్టిషన్ మీద నిలబెట్టాను. ఒకదాని అంచు ఇంకోదాన్ని దాటి ఉండేలా కొలిచాను. లోపలి వైపులకి నల్ల కాగితం అంటించాను. పక్కావిడ తలుపు దగ్గర నిలబడి, "ఇగ పావురాలు గూడు వెడ్తయి సూడు అన్నా" అంది. అయినా పిల్లల బల్ల మీదికి చిన్న దీపం తెచ్చుకుని, హాలులో రెండు ట్యూబులకి ఒకటి తనే ఆర్పేసింది. పట్టీలో హాలు లైట్ల గడి నేను కొట్టేశాను.

పడుకునే ముందు తెల్లటి వెలుగు నిద్రని తరిమేస్తుంది కాబట్టి మా గదిలో తెల్ల బల్బు తీసి చిన్న పసుపు బల్బు పెట్టాను. పొద్దున్న బస్సు దిగి వచ్చేటప్పుడు ఎండ కళ్ళకి తగలకుండా మా ఆవిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది. "హీరోయిన్ వస్తోంది" అని తోటి సిస్టర్లు ఏడిపించేవారట. సెలవు రోజుల్లో మాత్రం ఇద్దరం పొద్దున్నే కిందికి దిగి ఎండలో నిలబడి టీ తాగేవాళ్ళం. ఇంత ఎండ ఉన్న దేశంలో గోడౌన్‌కీ గదికీ మధ్య నా ఒంటి మీద పడే ఎండ రోజుకి పదకొండు నిమిషాలని అప్పుడే లెక్క తేలింది.

మొదటి వారం గ్లాసులో నాలుగేసి గింజలు పడ్డాయి. మూడో వారానికి రెండు. ఆగస్టులో ఒకరోజు నేను వచ్చేసరికి గ్లాసు ఖాళీగా ఉంది. వెయ్యడం మరిచిపోయావా అని అడిగాను. "మరిచిపోవడానికైనా లేవాలి కదండి" అంది. మందు పొరపాటు మళ్ళీ జరగలేదు. పాటలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. చలికాలంలో ఒక సాయంత్రం ఇస్త్రీపెట్టె చప్పుడుతో పాటు పార్టిషన్ అవతలికి కూడా వినపడేలా పాడింది. ఆ రోజు నుంచి అవి కూడా రాసుకుంటున్నాను, ఆమెకి తెలియకుండా.

ఇప్పుడు మేం కిటికీ ఉన్న ఒంటిగదిలో ఉంటున్నాం. మా ఆవిడకి ఎక్కువగా పగటి డ్యూటీలే. కొత్త గదిలోకి వచ్చిన రోజు వెయ్యిన్ని రెండు వందల అరవై సెనగలు లెక్కపెట్టి గాజు సీసాలో పోశాను. గంటకి రెండు గింజలు. ఆమెకి సెలవైన రోజు పొద్దుటి పనులన్నీ నేను చూసుకుంటాను, తెర వేసే ఉంచుతాను. మామూలుగా లేచే వేళ దాటి ఎంతసేపు పడుకుంటే అన్ని గింజలు తీసేస్తాను.

"పోయిన నిద్ర అలా తిరిగి రాదండి. మా డాక్టరు కూడా అదే చెప్పాడు" అంటుంది. "అవి పురుగు పట్టక ముందు ఉడకబెట్టుకుని తినేద్దాం."

ఆమె చెప్పింది నిజమే అయి ఉంటుంది. రెండు వందల పది పగళ్ళు ఆమె కళ్ళు మూసుకుని ఎర్రదనం చూసింది. నేను ఎంత బాగా తెర వేసినా అవి మళ్ళీ చీకటి కావు. అయినా లెక్క ఆపితే, ఏమీ బాకీ లేదని రాసినట్టే అవుతుంది. అలా ఒకసారి రాసి చూశాను, ఇక చాలు.

మొన్నటి సెలవు రోజు ఆమె రెండు గంటలు ఎక్కువ పడుకుంది. నాలుగు గింజలు తీశాను. సీసాలో ఇంకా ఎనిమిది వందల ముప్పై రెండు ఉన్నాయి. నాలుగు వందల పదహారు గంటలు.