ఎర్రగుడ్డ కట్టిన బకెట్

మా మేనమామ పోయిన మంగళవారం మదనపల్లెలోని ఆసుపత్రిలో చనిపోయాడు. పుంగనూరు దారిలో ఉన్న ఒక రిసార్టులో ఈతకొలను చూసుకునేవాడు. "ముసలాయన అజాగ్రత్త. యాసిడ్‌లో క్లోరిన్ కలిపి ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు" అని మేనేజరు వచ్చినవాళ్ళకల్లా చెబుతున్నాడు. వింటుంటే ఒళ్ళు మండిపోతోంది. చచ్చినవాడు లేచొచ్చి జవాబు చెప్పడని ఎంత ధైర్యం!

అజాగ్రత్తట! నేను అదే రిసార్టులో రిసెప్షన్‌లో కూర్చుంటాను. ఆ ఉద్యోగం ఇప్పించింది కూడా మామే. ఆయన పని రోజూ కళ్ళారా చూశాను. వానలు పడ్డాక కొలనుకు పాచి పడుతుంది. అడుగున పరిచింది వినైల్ షీటు కాబట్టి ఇనుప బ్రష్షు తగలనిచ్చేవాడు కాదు, నైలాన్ బ్రష్షుతోనే రుద్దేవాడు. క్లోరిన్ పొడిని నేరుగా ఎప్పుడూ చల్లలేదు. బకెట్ నిండా నీళ్ళు పట్టి, అందులో కొంచెం కొంచెంగా వేసి కరిగించి, పొద్దు వాలాక మోటారు ఆడుతుండగా చుట్టూ పోసేవాడు.

"పొడి నేరుగా పడితే షీటు తెల్లగా బొల్లి మాదిరి అయిపోతాది పాపా. నీళ్ళలోకి పొడి ఎయ్యాల, పొడి మీదికి నీళ్ళు పొయ్యకూడదు" అనేవాడు. మేనేజరు తొందరపెడితే, "పాచి ఒక్క దినంలో వచ్చిందా సార్, ఒక్క దినంలో పొయ్యేదానికి?" అని నవ్వేవాడు.

క్లోరిన్ కలిపే నీలం బకెట్‌కు ఎర్రగుడ్డ కట్టి ఉండేది. బాత్రూములు కడిగే యాసిడ్ బకెట్ కూడా అదే నీలం రంగు. చదువురాని వాళ్ళకు కూడా తేడా తెలియాలని ఆ గుడ్డ.

ఆయుధపూజ నాడు మోటార్లు, బ్రష్షులు, బకెట్లు అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టాం. "పూజలో ఆ గలీజు గుడ్డ యాలమ్మా? తీసెయ్" అన్నాడు మేనేజరు. తీసేశాను. అవును, నేనే.

మర్నాడు పెళ్ళివాళ్ళు దిగుతున్నారు. మామ వచ్చేలోపే మేనేజరు ఒక నీలం బకెట్‌లో నీళ్ళు పట్టించి పంపు రూములో పెట్టించాడు. అడుగున యాసిడ్ మిగిలి ఉందని ఎవరూ చూడలేదు. గుడ్డ లేకపోయినా, తన బకెట్ ఉండే చోటే ఉంది కదా అని మామ అందులో పొడి వేశాడు. కిటికీ లేని గది. ఆ విషపు గాలి పీల్చి అక్కడే కూలిపోయాడు.

ఆసుపత్రిలో మాస్కు పక్కకు జరిపి, "గుడ్డ యాడికి పోయింది పాపా?" అని అడిగాడు. "ఎవరో తీసేసినట్టుండారు మామా" అన్నాను. ఛీ, నా నోరు పడిపోను! ఆయనతో నేను మాట్లాడిన ఆఖరి మాట అదే.

నిన్న మేనేజరు నన్ను పిలిచి, "పోలీసులు అడిగితే ఆయన అజాగ్రత్తేనని చెప్పమ్మా, నీకూ మంచిది" అన్నాడు.

"గుడ్డ తీసింది నేను. తీయమనింది మీరు. రెండూ చెప్తాను సార్" అన్నాను.

బయటికొచ్చి నా టేబుల్ సొరుగు తెరిచాను. పూజ నాడు అందులో పడేసిన గుడ్డ అలాగే ఉంది. ఆ రోజు ఎంత లాగినా విప్పలేక కత్తెరతో కోశాను. మామ వేసిన ముడి మాత్రం ఇంకా ఊడలేదు.