నా నోటితో చెప్పించిన మాట

మా అత్తగారి ఊరు బనగానపల్లె పక్కన. ఆ ఇంటి ఆడవాళ్లు వీధిలోకి వస్తే తెర కట్టిన గూడుబండిలోనే రావాలి. మైదుకూరులో మా అమ్మ మొదటి ఎన్నికల్లోనే తన చేత్తో ఓటు వేసి వచ్చింది. రెండో ఎన్నికలకు నాకూ ఓటు వచ్చింది. దాన్ని పెట్టెలో వెయ్యాలని నేనెంత ఉబలాటపడ్డానో చెబితే నా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ.

పోలింగుకు ముందు కర్నూలు నుంచి కబురొచ్చింది. ఏదో దేశాన్ని సైన్యం ఏలుతోందట. పెత్తనం జనానికి అప్పగించమని మన ఢిల్లీవాళ్లు ఆ సైన్యం అధికారులకు నచ్చజెబుతున్నారట. ఓట్లు ఎలా వేస్తారో చూపించడానికి ఆ అధికారుల్లో ఒకాయన్ని మా ఊరికి తీసుకొస్తారట. వరసలో ఆడవాళ్లు కనబడాలని మా మామను అడిగారు. ఏనాడూ మమ్మల్ని గడప దాటనివ్వని పెద్దమనిషి, ఆ మాటకు తెగ మురిసిపోయాడు.

మాకు పట్టుచీరలు కట్టించి, ఓట్లు వేసే బడి ముందు ఎండలో వరసలో నిలబెట్టారు. ఆ పరాయిదేశం ఆయన వచ్చాడు. మెత్తని మనిషి. ఆయన ఇంగ్లీషులో ఏదో అడిగితే పక్కనున్న ఆఫీసరు నాకు తెలుగులో చెప్పాడు.

"మీ ఇంట్లో వాళ్లు చెప్పినవాళ్లకే ఓటేస్తావా అని అడుగుతున్నారమ్మా."

"నా ఓటు నాది సార్. ఎవరికి ఏసేది మా మామకు గూడా చెప్పను."

ఆఫీసరు అది ఇంగ్లీషులో చెబితే ఆయన తలూపి రాసుకున్నాడు. కాసేపటికి జీపు వెళ్లిపోయింది. నా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు.

"ఇంక చాలు, బండెక్కండమ్మా" అన్నాడు మామ.

"ఓటెయ్యల్ల కదా మామా?"

ఆయన ఎద్దులు కట్టమని కేకేశాడు. అత్త నా చెయ్యి పట్టి బండిలోకి లాగింది.

"మన ఓట్లు తెల్లారుతూనే ఏసేసినారు మ్మే. జీతగాండ్ల పెండ్లాలు మన పేర్లు చెప్పి ఏసొచ్చినారు. మనం ఊరికే నిలబడేకి వచ్చింటిమి."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది. ఓటు పోతే పోయింది, ఐదేళ్లకు మళ్లీ వస్తుంది. కానీ ఆ పరాయిదేశం ఆయన నన్ను నమ్మి వెళ్లాడు. తుపాకుల కింద బతుకుతున్న తన దేశం ఆడవాళ్లకు, ఇండియాలో ఒక కోడలు ఇలా అన్నదని చెబుతాడు. వాళ్లూ నమ్ముతారు. ఆ అబద్ధం మామే చెప్పి ఉంటే నాకింత కడుపుమంట ఉండేది కాదు. నాతో చెప్పించారు.