మోడెం మీద రామచిలకలు

మా దగ్గర్నుంచి వెళ్ళిన వరి దుబ్బులకు మొదళ్ళు ఉండేవి కావు.

రామచంద్రపురానికి కొంచెం ఎడంగా, పంట కాలువ పక్కనున్న వరి పరిశోధన కేంద్రంలో నేను అప్పట్లో జూనియర్ శాస్త్రవేత్తని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. సుడిదోమ చేను మీద ఎప్పుడు పడుతుందో ముందుగా చెప్పే పద్ధతి కోసం నాలుగైదు దేశాల వాళ్ళు కలిసి పనిచేస్తుంటే, అందులో మా కేంద్రం కూడా ఒకటి. రోజూ పొద్దున్నే మడిలో దిగి దుబ్బుల ఫోటోలు తీయాలి, కంప్యూటర్‌లో ఎక్కించాలి, మోడెం అనే పెట్టె తగిలించి టెలిఫోన్ లైను మీద దూరదేశపు ల్యాబుకు పంపాలి. సుడిదోమ దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. మా ఫోటోలేమో పైనుంచి కిందికి దిగుతూ దిగుతూ ముప్పాతిక దగ్గర తెగిపోయేవి. అవతలివాళ్ళకు పచ్చటి ఆకులు మాత్రమే అందేవి. "మీ పొలం చాలా ఆరోగ్యంగా ఉంది, అభినందనలు" అని రాశారు. అదే రోజు నేను మడిలోంచి బయటికొస్తే నా చీర కుచ్చిళ్ళ నిండా దోమే.

రెండుసార్లు అభినందించాక వాళ్ళకూ అనుమానం వచ్చింది. మూడో ఉత్తరం మర్యాదగానే ఉంది గానీ చదివాక నాకు అన్నం సహించలేదు. నెలాఖరులోగా వరసగా ఏడు రోజులు, ఏ రోజు ఫోటోలు ఆ రోజే, మా కేంద్రంనుంచే, పూర్తిగా అందాలి. లేకపోతే వచ్చే సీజనుకి మా బదులు వేరే కేంద్రాన్ని తీసుకుంటారు. మూడు సీజన్లు మోకాలి లోతు బురదలో నిలబడి రాసుకున్న నా పుస్తకాలన్నీ ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ళ చేతికి పోతాయి. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం కూడా వస్తుంది.

అందరికీ ఫోన్లు చేశాను. "మా వరకు బాగానే ఉందండి" అన్నారు టెలిఫోన్ ఆఫీసువాళ్ళు. "మా మోడెంకి ఏ లోపమూ లేదు మేడమ్" అన్నాడు కాకినాడ నుంచి వచ్చి దాన్ని బిగించి వెళ్ళిన మెకానిక్కు. మా వైపు అంతా సవ్యంగానే ఉందని దూరదేశం వాళ్ళూ రాశారు. చిన్న చిన్న ఈమెయిళ్ళు చక్కగా వెళ్ళిపోయేవి, ఫోటోలే తెగేవి. అందరి దగ్గరా బాగుండి, వస్తువు మాత్రం చేరకపోవడం ఏమిటో నాకు అర్థం కాలేదు. నా వైపు బాగుందా అని నన్ను అడగాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అడిగితే ఊరుకుంటానా? ఆ మోడెంని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకుని ఉండరు. కళ్ళంలోంచి వచ్చే ధూళి పడకుండా, బల్లులు తిరగకుండా చెక్క బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో ఉండేది. అప్పట్లో మా వైపు టీవీకి కవరు, రేడియోకి కవరు, ఫ్రిజ్జు పిడికి కూడా కవరు ఉండేవి. కవరు లేకుండా వస్తువుని వదిలేసిన ఇల్లాలిని చుట్టాలు అదోలా చూసేవారు. అందుకని మోడెంకి కూడా మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డతో కవరు కుట్టి, మీద రెండు రామచిలకలు ఎంబ్రాయిడరీ చేసి, అంచుకు లేసు వేశాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దాఫీసరు కూడా మెచ్చుకున్నారు.

మా అటెండరు నాకంటే పాతికేళ్ళు పెద్దవాడు. కాలువ చిట్టచివర, శివార్లో ఎకరంన్నర పొలం ఉంది. దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్ళు అందక పైవాళ్ళతో పోట్లాడడం ఆయనకు ఏటా ఉన్న పనే. నా కేకలు నాలుగు రోజులు విని, ఐదో రోజు టీ గ్లాసు బల్లమీద పెడుతూ అన్నాడు.

"నీళ్ళు రాకపోతే మేం ఎవరికీ ఫోన్లు చెయ్యమండి అమ్మగారూ. అడిగితే ప్రతివోడూ తన తూము బాగుందనే అంటాడు. శివారు నుంచి గట్టు పట్టుకుని పైకి నడుచుకుంటా పోతాం. ఎక్కడ నీళ్ళు కనబడితే అక్కడే దానికి కిందన అడ్డం ఉన్నట్టండి."

నాకు నచ్చింది. శివారు మేమే కాబట్టి మా గేటు దగ్గర మొదలుపెట్టాం. కంప్యూటర్‌ని దుప్పట్లో చుట్టి, మోడెంని నేను చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని, ఇద్దరం ఆటోలో టెలిఫోన్ ఆఫీసుకు వెళ్ళాం. దారి పొడుగునా అటెండరు తల బయటపెట్టి స్తంభాలు లెక్కపెట్టాడు. ఆఫీసులో కిటికీ పక్కన బల్లమీద పెట్టి, నేరుగా వాళ్ళ దగ్గరే లైను కలిపించాను. ఫోటో మొదలంటా వెళ్ళింది. ఒకటి కాదు, నాలుగు.

ఇంకేముంది, నేను రెచ్చిపోయాను. మా లైను చూసే లైన్‌మన్ అక్కడే ఉన్నాడు. బక్కపలచటి మనిషి, చేతిలో నిచ్చెన. "ఇప్పుడేమంటారండీ? మా పెట్టె బంగారం. జబ్బంతా మీ తీగలోనే ఉంది" అన్నాను.

"మొన్ననే చూశానండి, మేడంగారూ. బాగానే ఉందండి" అన్నాడు.

"బాగుంటే ఫోటోలకు కాళ్ళెందుకు లేవు?"

నేను అక్కడే కాగితం అడిగి, విధి నిర్వహణలో అలసత్వం అంటూ ఆయన మీద వాళ్ళ ఆఫీసరుకి కంప్లయింటు రాసిచ్చాను. తెలుగులో రాస్తే ఘాటు చాలదేమోనని ఇంగ్లీషులో కూడా రాశాను. తర్వాత మూడు రోజులు ఆ మనిషి మండుటెండలో కాలువ గట్టు వెంబడి స్తంభం స్తంభం ఎక్కి, ఎక్స్ఛేంజి నుంచి మా గోడ దాకా కొత్త తీగ లాగాడు. మంచినీళ్ళు కూడా మా అటెండరే ఇచ్చాడు. నేను కిటికీలోంచి చూసి, ఇప్పుడు దారికొచ్చారు అనుకున్నాను.

నెలాఖరుకి సరిగ్గా ఎనిమిది రోజులున్నాయి. మోడెంని బీరువాలో పెట్టి, కవరు తొడిగి, తాళం వేసి ఫోటో పంపాను. ముప్పాతిక దగ్గర తెగిపోయింది.

అటెండరు తలుపు దగ్గర నుంచే అడిగాడు.

"అమ్మగారూ, ఈ ఫోటోలు ఎటునుంచి ఎటు వెళ్తాయండి?"

"ఇక్కణ్ణుంచి అటు. ఇన్నాళ్ళూ చూస్తూనే ఉన్నారుగా!"

"మరైతే మనం శివారు కాదండి. కాలువ మొదట్లో ఉండే తలతూము మనదే. ఊరంతా తిరిగాం గానీ తలతూము చూళ్ళేదండి మనం."

ఏళ్ళ తరబడి నీళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసిన ఊళ్ళో, తప్పు ఎప్పుడూ ఎగువనే ఉంటుందని ఆయనకీ అలవాటే, నాకూ అలవాటే. మేమే ఎగువ అయ్యే రోజొకటి ఉంటుందని ఇద్దరికీ తట్టలేదు. తాళం తీసిచ్చాను. ఆయన బీరువాలో చెయ్యి పెట్టి వెంటనే వెనక్కి తీసుకున్నాడు.

"టెలిఫోనాఫీసులో బల్లమీద పెట్టినప్పుడు దీనికి చొక్కా లేదు కదండీ" అన్నాడు, వేళ్ళు ఊదుకుంటూ. "వెల్వెట్టు చొక్కా తొడిగి బీరువాలో పెడితే మనిషైనా పడిపోతాడండి."

చిన్న ఈమెయిలైతే అది వేడెక్కేలోపే వెళ్ళిపోయేది. ఫోటో ముప్పాతికకి వచ్చేసరికి పాపం అది సొమ్మసిల్లేది. కవరు తీసేసి, బీరువాలోంచి బయటపెట్టి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టాం. ఫోటో వెళ్ళింది, మొదళ్ళతో సహా, దోమతో సహా. మర్నాడూ వెళ్ళింది. ఏడు రోజులూ వెళ్ళాయి. "మీ పొలం పరిస్థితి చాలా ఆందోళనకరంగా ఉంది" అని ల్యాబు రాస్తే నేనూ అటెండరూ మిఠాయి పంచుకున్నాం. మా కేంద్రం నిలబడింది.

లోపం ఎలా సవరించారో రాస్తే మిగతా దేశాలవాళ్ళకు కూడా పనికొస్తుందని ల్యాబువాళ్ళు అడిగారు. గాలి తగిలే ఏర్పాటు మెరుగుపరిచాం అని గంభీరంగా రాసి పంపాను. చిలకల సంగతి రాయలేదు. అది అక్కడితో అయిపోతుందనే అనుకున్నాను.

వారం తర్వాత లైన్‌మన్ మా గేటు ముందు సైకిలు మీద వెళ్తూ కనబడ్డాడు. మెడ వెనక ఎండకు చర్మం ఊడిపోయి ఉంది. పిలిచి, కవరు చేతిలో పట్టుకుని, జరిగినదంతా చెప్పాను. తప్పు నాదండి అన్నాను. ఆ మాట నా నోటంట వచ్చేసరికి నాకే కొత్తగా అనిపించింది. ఆయన కోప్పడితే బాగుండేది. కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగా కుట్టారండి" అన్నాడు. తర్వాత కొంచెం సంకోచంగా, "మీ కంప్లయింటు ఇంకా నా ఫైల్లోనే ఉందండి. ఈ యేడు నాకు ప్రమోషను రావాలండి" అన్నాడు.

గాలీ, ఏర్పాటూ అనే మాటలు ఇక్కడ పనికిరావని అర్థమైంది. కంప్లయింటు వెనక్కి తీసుకుంటున్నానని మొదలుపెట్టి, వెల్వెట్ కవరు, రామచిలకలు, బీరువా, తాళం, నా నోటిదురుసు, ఏదీ వదలకుండా రాశాను. తెలుగులోనూ రాశాను, ఇంగ్లీషులోనూ రాశాను. పోస్టులో వేస్తే మధ్యలో ఎక్కడ ఆగిపోతుందో అని భయమేసి, ఆ కాగితం పట్టుకుని నేనే కాలువ గట్టు వెంబడి, లైన్‌మన్ లాగిన కొత్త తీగ కిందుగా, టెలిఫోన్ ఆఫీసు దాకా నడిచి వెళ్ళి ఆఫీసరు చేతిలో పెట్టాను. ఆయన చివరిదాకా చదివేవరకు అక్కడే నిలబడ్డాను.