చివర ఒకటి ఉండాలి

మార్చి పదకొండు, బుధవారం. మా పక్కింటి లెక్కల మాస్టారు గురువారం పోయారు. ఆ సంగతి దర్శిలో తెలియనివారు లేరు, ఆయన్ని పొగడనివారూ లేరు. నేను పొగడటానికి రాయడం లేదు. ఆదివారం, పదకొండో రోజున, ఆయన పాఠాలు చెప్పిన బడి గోడకు ఒక తప్పుడు రాయి బిగించబోతున్నారు. అది ఆగాలని రాస్తున్నాను.

ఆయన అడిగిందల్లా ఒక్కటే. "ఫొటో వద్దు, బిరుదులొద్దు. నా సంఖ్య చెక్కించండి చాలు." ఆ సంఖ్య ఇది: 2305843009213693951.

మొదట్లో అదంటే నాకూ చులకనే. ఒకసారి కల్లంలో మిరపకాయలు ఎండబోయిస్తూ, "దేనికండీ అది, కూరకా నారకా?" అన్నాను. ఆయన కాయలు పోసిన పట్టా అంచున కూర్చుని ఒక కాయ విడిగా పెట్టారు.

"ఇది ఒకటి. రెట్టిస్తే రెండు, మళ్లీ రెట్టిస్తే నాలుగు. ఇలా అరవై ఒక్కసార్లు రెట్టించి, ఆఖర్న ఒక్క కాయ తీసెయ్యండి అక్కయ్యగారూ. మిగిలినవి సమంగా పంచండి చూద్దాం."

"అన్నీ ఒక్కడికే ఇచ్చేస్తే?"

"ఇవ్వొచ్చు. లేదా తలా ఒక్కటి ఇవ్వొచ్చు. మూడో దారి లేదు. దేనితో భాగించినా లొంగదు."

"అంతమంది జనం ఎక్కడున్నారండీ?"

"అంత మిరపా లేదు. మాట మాత్రం నిజం."

సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని, మంచినీళ్ల గ్లాసులో వేలు ముంచి ఆ సంఖ్య రాసేవారు. మా ఎండలకు చివరిదాకా వచ్చేసరికి ముందు అంకెలు ఆరిపోయేవి. చివరి ఒకటి మాత్రం తడిగా మిగిలేది. "పెద్దదని జడుసుకోకండి, ముందు చివరి అంకె చూడండి" అనేవారు. కూరగాయల సంచి అక్కడే మరిచిపోయి వెళ్లేవారు. ఆ సంఖ్యలో మాత్రం ఏనాడూ ఒక్క అంకె తప్పలేదు.

నిన్న ఒంగోలు నుంచి రాయి వచ్చింది. పైన "గణిత బ్రహ్మ" అని ఉంది. కింద సంఖ్య చివర ఒకటి లేదు, సున్నా ఉంది. మాస్టారి అల్లుణ్ణి పిలిచాను.

"ఇదేంటయ్యా?"

"అంకెలన్నీ కూడితే డెబ్భై మూడు వచ్చిందండి అత్తయ్యగారూ. ఏడూ మూడూ పది, అంటే ఒకటి. చివర సున్నా పెడితే డెబ్భై రెండు, అంటే తొమ్మిది. నా కారు నంబరూ తొమ్మిదేనండి. మావయ్యగారికి మంచిదని."

"పోయినాయనకి ఇంకేం మంచి జరగాలి, ప్రమోషనా?"

"అంత పెద్ద నంబర్లో ఒక్కటి తేడా ఎవరు చూస్తారండీ!"

ఆ తొమ్మిది నంబరు కారు పోయిన వానాకాలం సాగర్ కాలువ గట్టు దిగిపోయింది. అయినా బుద్ధి రాలేదు. సున్నాతో ముగిసే సంఖ్య రెండుతో పోతుంది, ఐదుతో పోతుంది. అంకెల మొత్తం తొమ్మిదితో పోతే సంఖ్యా తొమ్మిదితో పోతుంది. ఇది బడిపిల్లల పాఠం, ఆ బడిలో మాస్టారు చెప్పిన పాఠమే. దేనికీ లొంగని సంఖ్యను ఈ పెద్దమనిషి అదృష్టం పేరు చెప్పి ముక్కలు చేశాడు. రాయిని పదిమంది పెద్దలు తడిమి చూసి బాగుందన్నారట. అందరూ మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లే. వాళ్లు చూసింది నునుపు.

ఇక జరగవలసినవి:

1. ఆ రాయి గోడకెక్కకూడదు.

2. చెక్కిన సున్నాను ఒకటిగా దిద్దడం కుదరదు. రాయి తిప్పి, వెనకవైపు మళ్లీ చెక్కాలి. బిరుదు అక్కర్లేదు.

3. ఇప్పుడు రాయి మీదున్న సంఖ్యను అల్లుడు శుక్రవారంలోగా తొమ్మిదితో చేత్తో భాగించి నాకు చూపించాలి. ఫోను పక్కన పెట్టి.

4. చివరి అంకె దగ్గరికి వచ్చాక చెక్కేవాడు ఆగాలి. గ్లాసుడు నీళ్లు పట్టుకుని నేను అక్కడే ఉంటాను. దాని చోట తడి వేలితో నిలువుగీత గీస్తాను. అది ఆరేలోపు ఉలి పెట్టాలి.