తలుపు మీది ఇంగ్లీషు మాట

కోరుట్లలో నేను పాఠాలు చెప్పే బడిలో ఏడో తరగతి పిల్లలకు ఒక ఆటంటే ప్రాణం. బోర్డు మీద ఒక పెద్ద ఇంగ్లీషు మాట రాస్తాను. దాని లోపల వరుస తప్పకుండా దాక్కున్న చిన్న మాటలను వాళ్లు పట్టుకోవాలి. ఫ్రెండ్‌లో ఎండ్ ఉంటుంది, అంటే ముగింపు. హార్ట్‌లో హియర్ ఉంటుంది, అంటే వినడం. దాని లోపలే ఇయర్, అంటే చెవి కూడా ఉంటుంది. దొరికినప్పుడల్లా పిల్లలు బడి కప్పు ఎగిరిపోయేలా కేకలు పెడతారు. వాళ్లు ఏ మాట అడిగినా రాస్తాను, ఒక్కటి తప్ప. సెలవు చీటీ చివర సంతకానికి పైన రాసే 'ఓబీడియెంట్' మాత్రం రాయను. ఎందుకని అడిగితే అది బోరు మాట అని తప్పించుకుంటాను. టీచర్లు అబద్ధాలు చెప్పరని ఎవరన్నారు?

ఈ ఆట నాకు మా అన్న నేర్పాడు. వాడు జగిత్యాలలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాడు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీద కూర్చున్న రోజులవి. కాలేజీలు మూతపడ్డాయి, హాస్టల్ ఖాళీ చేయించారు, అన్న పెట్టె సర్దుకుని సిరిసిల్లలోని మా ఇంటికి వచ్చేశాడు. నేను ఎనిమిదో తరగతి. మా బడీ బంద్. నా ఇంగ్లీషు తుప్పు పట్టిపోతున్నదని వాడికి ఒకటే బెంగ. పొద్దున్నే మా మగ్గాల షెడ్డు తలుపు మీద సుద్దతో ఒక మాట రాసి దీక్షా శిబిరానికి పోయేవాడు. తిరిగి వచ్చేలోగా నేను అందులోని చిన్న మాటలన్నీ దాని కింద రాసి ఉంచాలి.

"ఏ పెద్ద మాట గూడ ఒక్కతే ఉండదే. లోపట సంసారం ఉంటది," అనేవాడు.

ఒకరోజు 'సెపరేట్' రాశాడు. ఊరంతా గొంతు చించుకుని అరుస్తున్న మాట. అందులో ర్యాట్ దొరికింది, దాన్ని ఆనుకునే ఏట్ దొరికింది. ఎలుక, తిన్నది. "గింత పెద్ద ఉద్యమంల ఎలుక దూరింది సూడు," అని అన్న పడీ పడీ నవ్వాడు. నవ్వనిది నాయనమ్మ ఒక్కతే. ఆమెకు అక్షరం ముక్క రాదు, చూపూ సరిగా ఆనదు. అయినా మేం చేస్తున్నదేమిటో ఆమెకు అర్థమైంది.

"మాటల పొట్ట కోసి సూస్తుండ్రా? అండ్ల ఏముంటదో ఏమో. వద్దు బిడ్డా," అంది.

నాయనమ్మకు ఆ రోజుల్లో ఇంకో భయం కూడా ఉండేది. మా గల్లీలో ఇంటింటికీ సాంచెలు, అంటే మరమగ్గాలు ఉండేవి. ఆ మోతలోనే పుట్టాం, ఆ మోతలోనే నిద్రపోయేవాళ్లం. మోత ఆగితేనే మెలకువ వచ్చేది. గల్లీలో ఎవరైనా చనిపోతే పక్కింటివాళ్లు ముందుగా సాంచెలు ఆపుతారు. తర్వాత వాళ్ల పక్కవాళ్లు. అలా శవం లేచేదాకా గల్లీ అంతా ఆగిపోతుంది. ఎవరూ వచ్చి చెప్పక్కర్లేదు. మోత ఎటు నుంచి ఆగుతూ వస్తున్నదో వింటే చావు ఏ వైపు జరిగిందో తెలిసిపోతుంది.

సమ్మెలో కరెంటు పోయి సాంచెలన్నీ ఒక్కసారే ఆగినప్పుడు నాయనమ్మ మంచం మీద లేచి కూర్చునేది. "ఎవలు పోయిండ్రు?" అని అడిగేది. "ఎవలు పోలేదే, కరెంటు పోయింది," అని బాపు, అంటే మా నాన్న, ఎన్నిసార్లు చెప్పినా నమ్మేది కాదు. "గింత మోత ఒక్కసారే ఆగిందంటే ఎంతమంది పోయిండ్రో," అని గొణుక్కునేది.

ఆ రోజు కోరుట్లలో వంటావార్పు ఉంది. ధర్నాకు వచ్చినవాళ్లు రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తింటారు. బస్సులు లేవు. మా గల్లీ కింది కొసన సాంచెలు బాగుచేసే ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటి అబ్బాయి మా అన్నకు చిన్ననాటి దోస్తు. అతని బండి మీద ఇద్దరూ బయల్దేరుతున్నారు. నేను గడపలో కూర్చుని సెలవు చీటీ రాయడం ప్రాక్టీసు చేస్తున్నాను.

"బడే లీవుల ఉన్నది. నువ్వు లీవ్ లెటర్ ఎవలకు రాస్తున్నవే?" అని అన్న నవ్వాడు. నా చీటీ చివరి నుంచే ఒక మాట ఎత్తి తలుపు మీద రాశాడు. ఓబీడియెంట్. చెప్పినట్టు వినే మనిషి అని అర్థం. "మాపటికల్ల వస్త. రాసి పెట్టు," అన్నాడు.

"పైలం కొడుకా. చీకటి గాకముందే రా," అని అమ్మ వంటింట్లోంచే అరిచింది.

మొదట బీ దొరికింది, అంటే ఉండు. తర్వాత బెడ్ దొరికింది, మంచం. జ్వరం వచ్చిన పిల్లకు చెప్పినట్టుందని నవ్వుకున్నాను. వేలు పెట్టి ఒక్కో అక్షరమే జరుపుతూ పోతే నడిమధ్యలో డి, ఐ, ఇ తగిలాయి. డై. చచ్చిపో.

దాన్ని కింద రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఎంత మర్యాదగల మాట! పిల్లలందరూ హెడ్మాస్టరుకు రాసే మాట. ఇన్నేళ్లూ నా పేరుకు పైన కూర్చుని, లోపల దీన్ని పెట్టుకుని, నోరు మెదపకుండా ఉంది. తడిగుడ్డతో తుడిచేశాను. చెక్క ఆరిన కొద్దీ అక్షరాలు తెల్లగా మళ్లీ తేలాయి. ఇంకోసారి తుడిచాను. మళ్లీ తేలాయి, మధ్య అక్షరాలే ముందుగా తేలుతున్నట్టు అనిపించింది. లోపల బాపు నడుపుతున్న సాంచెలకు ఆ తలుపు సన్నగా వణుకుతూనే ఉంది. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను, మాట కనిపించకుండా.

ఎండ తగ్గినా అన్న రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. అమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ గల్లీ వైపే చూస్తోంది.

అప్పుడు మోత పలచబడింది. కరెంటు పోయినప్పుడు ఇలా ఉండదు. ఎక్కడో ఒక ఇల్లు ఆగింది. కాసేపటికి ఇంకొకటి. అమ్మ చాట పట్టుకునే నిలబడిపోయింది.

"అత్తా, ఎటు దిక్కు?"

నాయనమ్మ తల ఒరగేసి విన్నది. "కింది దిక్కు," అంది.

మా ఇల్లు పై కొసన. అమ్మ గుండెల నిండా గాలి పీల్చుకోవడం నాకు వినిపించింది. "మనది గాదు," అంది. వెంటనే నాలుక కరుచుకుంది. "పాపం, దాదీ పోయినట్టున్నది."

దాదీ అంటే సాంచెలు బాగుచేసేవాళ్ల ఇంట్లో ముసలావిడ. చాలా నెలలుగా మంచం దిగలేదు. ఆమె అంటే నాకు ఇష్టమే, ఏడుపు రావాల్సింది. కానీ ఒళ్లంతా తేలికైంది. తలుపు మీది మాట ఎవరి కోసం వచ్చిందో తెలిసిపోయింది, మా కోసం కాదు అనుకున్నాను.

అమ్మ కొంగు దోపుకుని నడిచింది, వెనకాలే నేను. మేం కిందికి పోతుంటే నిశ్శబ్దం పైకి వస్తోంది. మేం దాటీ దాటకముందే ఒక్కో ఇల్లు ఆగిపోతోంది. ఎటు పోతున్నవని ఎవరూ అడగలేదు. "దాదీ ఎప్పుడు పోయింది?" అని అమ్మ ఒకామెను అడిగితే, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జరిగింది.

కింది కొసన, ఆ ఇంటి గడప మీద, దాదీ కూర్చుని ఉంది. ఎవరో పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టినట్టున్నారు. అమ్మను చూసి రెండు చేతులూ చాచింది. ఆమె వెనక ఆమె కొడుకు ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు.

"జగిత్యాల దవాఖాన నుంచి మావోడు ఫోన్ చేసిండు చెల్లె. కథలాపూర్ దగ్గర లారీ గుద్దిందట. మావోనికి కాలు విరిగింది. మీవోడు..."

అమ్మ అక్కడే దుమ్ములో కూలబడింది. ఎప్పుడూ చావు జరిగిన ఇంటి నుంచి బయల్దేరే నిశ్శబ్దం, ఆ రోజు కబురు వచ్చిన ఇంటి నుంచి బయల్దేరింది. గల్లీ అంతా దాటుకుని మా ఇంటికి వస్తోంది. మేం దానికి ఎదురు నడిచి వచ్చాం.

దాదీ నా చెయ్యి పట్టుకుంది. "బేటీ, మీ బాపు సాంచెలు ఇంక నడుస్తనే ఉన్నయ్. పో."

అప్పటికి గల్లీ మొత్తంలో అదొక్కటే చప్పుడు. నేను పరిగెత్తాను. షెడ్డులో బాపు అటు తిరిగి తెగిన పోగు ముడేస్తున్నాడు. "బాపూ," అన్నాను. ఆ మోతలో నా గొంతు నాకే వినబడలేదు. ఏం చెప్పాలో తెలియక గోడ దగ్గరికి పోయి మీట నేనే నొక్కాను.

"ఎవలే బంద్ చేసింది?" అని బాపు కోపంగా తిరిగాడు. నా మొహం చూడకముందే ఆయనకు గల్లీ నిశ్శబ్దం వినిపించింది.